భుజంలో తూటా దిగిన హీరో మర్నాడు కొబ్బరిచెట్టు ఎక్కలేడండీ

కోనసీమ క్రైమ్ కథల్లో తూటా ఎప్పుడూ భుజానికే తగులుతుంది. తువ్వాలు కట్టేసుకుని, మర్నాడు హీరో అదే చేత్తో ఫైట్ చేసేస్తాడు. భుజమంటే ఉత్త కండ కాదు. కాలర్ ఎముక కింద చేతికెళ్లే పెద్ద ధమని ఉంటుంది, దాన్ని అంటుకుని నరాల గుత్తి, ఇంకాస్త లోపల ఊపిరితిత్తి కొస. తెగిన నరం అతికినా, పెరిగేది రోజుకి మిల్లీమీటరు. భుజం నుంచి వేళ్లదాకా 70 సెంటీమీటర్లనుకుంటే రెండేళ్ల మాట. ఈలోగా అరచేతి కండలు ఎండిపోతాయి.

తొడ ఇంకా ప్రమాదం. అక్కడి ధమని పూర్తిగా తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఒంట్లో ఉన్నదే అయిదు లీటర్ల రక్తం. ముప్పావు లీటరు పోయేదాకా మనిషి మామూలుగానే మాట్లాడతాడు. లీటరున్నర దాటితే బీపీ పడిపోతుంది, చల్లటి చెమట, దాహం, పొంతన లేని మాటలు. ఆఖరి ఘడియల్లో పేజీన్నర డైలాగు చెప్పించేవాళ్లు ఇది చూసుకోవాలి. నీళ్లు మాత్రం తాగించకండి, మత్తిచ్చేటప్పుడు వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కట్టు సంగతి. గాయానికి రెండుమూడు అంగుళాల పైన, మోకాలి మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ చుట్టి, ముడిలో కర్ర దోపి రక్తం ఆగేదాకా మెలిపెట్టాలి. ఎన్నింటికి కట్టారో రాసుకోవాలి, రెండు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. వదులుగా కడితే అసలుకే మోసం: సిరలు మూసుకుంటాయి, ధమని పారుతూనే ఉంటుంది, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. గజ్జల్లో, చంకలో కట్టు పడదు. అక్కడ శుభ్రమైన గుడ్డని వేలితో గాయం అడుగుదాకా కూరి, పైన ఒంటి బరువంతా వేసి పది నిమిషాలు నొక్కాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు. పసుపు, కాఫీపొడి అసలే వద్దు.

ఇక కత్తి కాల్చి తూటా పెరికే సీను. ఎన్ని కథల్లో చదవాలో! ప్రాణం తీసేది తూటా కాదు, అది చేసిన కన్నాలు. కీలులోనో, నాళం పక్కనో ఉంటే తప్ప డాక్టర్లు చాలాసార్లు దాన్ని లోపలే వదిలేస్తారు. కెలికితే గడ్డకట్టిన రక్తం ఊడొచ్చి మళ్లీ మొదలు. పొట్టలో తగిలితే వెతికేది పేగుల చిల్లుల కోసం.

ఉత్కంఠ కావాలంటే గోదావరి మీద సఖినేటిపల్లి రేవుంది కదా. అవతల నరసాపురం, ఏరు దాటించే పంటు అప్పుడే కదిలిపోయింది, లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. కట్టు కట్టి అప్పటికే గంటయింది.

ఆసుపత్రిలో "పోలీసులు వస్తేనే చూస్తాం" అనిపించేముందు ఒక్క మాట: ముందు వైద్యం, తర్వాతే కాగితాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. పోలీసులకి కబురు ఎలాగూ వెళ్తుంది. నర్సు చొక్కా కత్తిరించేటప్పుడు తూటా చేసిన చిల్లుని వదిలి పక్కనుంచి కత్తిరించాలి. అది సాక్ష్యం. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, తడిది ప్లాస్టిక్ కవర్లో వేస్తే బూజు పట్టిపోతుంది.