శివన్నగూడెంలో ఒక చెంబు నీళ్లు

మేముండేది వనస్థలిపురంలో. మా నల్లాలో వచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ నుంచి తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, 2004 నుంచి నల్లగొండ జిల్లా మీదుగా హైదరాబాద్‌కు పంపిస్తున్నారు. మొన్న సాగర్ రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే దారి పొడవునా ఇదే ఆలోచన. ఇన్నేళ్లు మా గొంతు తడిపిన నీళ్లు, బోరు నీళ్లలోని ఫ్లోరిన్‌తో జనం ఎముకలు వంగిపోయిన ఊళ్ల పక్కనుంచే వచ్చాయి.

మాల్‌లో దిగి, ఆటోలో మర్రిగూడ, అక్కడి నుంచి శివన్నగూడెం. దారిలో రాళ్ల గుట్టలు, పత్తి చేలు, మధ్యమధ్య తాటిచెట్లు. ఈ రాతి నేలలోనే ఉంది చిక్కంతా. వానలు తక్కువ, బోర్లు లోతుకు పోయాయి, ఆ లోతున రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి పైకొచ్చింది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటినా రుచిలో తెలియదు, రంగులో తెలియదు. కాచినా పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ముందు పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలు.

ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వను పలకరించాను. మెడ తిప్పలేదు. రెండు చేతులూ అరుగుకు ఆనించి, నడుముతో సహా మొత్తం మనిషే నావైపు తిరిగింది. అలా తిరగడానికి ఎంతసేపు పట్టిందో చూశాక పలకరించినందుకు బాధనిపించింది. "ఎవల బిడ్డవు?" అని అడిగి, కోడలితో చెంబెడు నీళ్లు తెప్పించింది. "తాగు బిడ్డా, బోరు నీళ్లు కావు, కృష్ణ నీళ్లే" అంది. ఇంటికొచ్చిన వాళ్లకు నీళ్లిస్తూ ఆ మాట కూడా చెప్పుకోవాల్సిన ఊరు ఇది.

పక్కింటి పెద్దాయన 1996 లోక్‌సభ ఎన్నికల సంగతి ఎత్తుకున్నాడు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో జనం గుంపులుగా వెళ్లి నామినేషన్లు వేశారు. నల్లగొండ నుంచి 480 మంది పోటీ! పోలింగే వాయిదా పడింది. "ఓటు కాయితం గింత" అంటూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మందం చూపించాడు, పుస్తకమంత. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు, ఆ ఏడాదే దాన్ని 10 వేలకు పెంచారు. గెలవడానికి కాదు, మా ఊళ్లలో నీళ్లు విషమయ్యాయని దేశానికి చెప్పడానికి నిలబడ్డ వాళ్లు వాళ్లు. ఓటును అంత బాగా వాడుకున్న జనం ఇంకెక్కడైనా ఉన్నారా అనిపిస్తుంది నాకు.

ఈ ఊరి అంశల స్వామి పేరు చాలామందికి తెలుసు. ఫ్లోరిన్‌తో ఎముకలు వంకరపోయిన ఆ పిల్లాడిని ఢిల్లీ తీసుకెళ్లి, అప్పటి ప్రధాని వాజపేయి ముందు టేబుల్ మీద కూర్చోబెట్టారు. పెద్దయ్యాక స్వామి ఊరూరా తిరిగి నీళ్ల కోసం మాట్లాడాడు. 2023 జనవరిలో చనిపోయాడు. ఇంటింటికీ నల్లా పథకం మిషన్ భగీరథ నీళ్లు ఊరికి రావడం కళ్లారా చూశాడు. ఒంగిన ఎముకలు మాత్రం ఏ నీళ్లతోనూ తిరిగి నిటారు కావు.

అవ్వ కోడలు ఇంకో సంగతి చెప్పింది. కిందటి ఎండాకాలం ఎక్కడో పైపు పగిలి కొన్ని రోజులు నల్లా రాలేదట. బోరు దగ్గరికి పోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆడవాళ్లంతా ఖాళీ బిందెలు పట్టుకుని నీళ్ల ఆఫీసు ముందు కూర్చున్నారు. "మా అత్తను చూడుండ్రి, మా పోరగాళ్లకు మళ్ల ఆ నీళ్లు తాపియ్యం" అని చెప్పారట. ట్యాంకర్ వచ్చేదాకా లేవలేదు.

సాయంత్రం నల్లా వచ్చింది. గాలి బుస్సుమని, తర్వాత ధార. ఆమె బిందెను బూడిదతో తోమి, రెండుసార్లు కడిగి పెట్టింది. అది నిండాక నా సీసా కూడా అడిగి తీసుకుని నింపిచ్చింది.

బస్సులో సగం తాగాను. మిగతా సగం ఇంటికి తెచ్చి, ఎక్కడివో చెప్పకుండా అమ్మకిచ్చాను. తాగి, "మన నల్లా నీళ్లే కదా" అంది.