మా అమ్మాయికి లైసెన్సు వచ్చింది, ఇక ఇన్సూరెన్స్ సంగతి

టెక్సస్‌లో పిల్లలకు 16 నిండితే లైసెన్సు వస్తుంది. మా ప్లేనో చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఆ వెంటనే పట్టుకునే టెన్షన్ ప్రీమియం గురించే. టీనేజర్ పేరు పాలసీలో ఎక్కాక వచ్చే బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. పార్టీల్లో ఎవరో ఒకరు సలహా చెప్తారు: "ఓ పాత కారు కొనిచ్చి మినిమమ్ ఇన్సూరెన్స్ పెట్టేయండి, చాలు."

ఆ "చాలు" మనం ఊరి నుంచి తెచ్చుకున్నదే. గుంటూరులో నేను పెరిగిన రోజుల్లో ఇన్సూరెన్స్ అంటే పోలీసు ఆపితే చూపించే కాగితం. బండీ బండీ తగిలితే నలుగురూ పోగయ్యేవాళ్లు, కాసేపు అరుచుకుని, ఎంతో కొంత చేతిలో పెట్టి వెళ్లిపోయేవాళ్లు. చిత్రమేమిటంటే, చట్టం మాత్రం అక్కడ ఎదుటి మనిషి పక్షానే గట్టిగా నిలబడింది. ఇండియాలో కారు థర్డ్ పార్టీ పాలసీకి ప్రాణనష్టం, గాయాల విషయంలో పరిమితి లేదు, ట్రిబ్యునల్ ఎంతంటే అంత. ఇక్కడ అలా కాదు, ప్రతిదానికీ ఒక హద్దు. అది ఎంతో మనమే ఎంచుకోవాలి.

ఎదుటివాళ్ల నష్టానికి కట్టే కవరేజీని లయబిలిటీ అంటారు, దానికి టెక్సస్ అడిగే కనీస హద్దు 30/60/25. గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడిన అందరికీ కలిపి 60 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 25 వేలు. ఇది చదివి మా అమ్మాయి, "అమ్మా, మరి మన కారుకి?" అంది. ఏమీ రాదు. గుద్దుకున్నప్పుడు మన కారు బాగుకి కొలిజన్ అనే కవరేజీ విడిగా తీసుకోవాలి. వడగళ్లకి, దొంగతనానికి కాంప్రహెన్సివ్ ఉండాలి. డాలస్ వైపు వడగళ్లు ఎలా పడతాయో చూసినవాళ్లెవరూ దాన్ని వదులుకోరు. 25 వేలు ఎంత తక్కువో తెలియాలంటే మా హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో ఒక్కసారి నడిచి రండి చాలు, అక్కడ ఆ ధరలోపు కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైన పడేదంతా మన జేబులోంచే.

ఇంకో రెండు కవరేజీలున్నాయి. ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దినా, ఉన్నది చాలకపోయినా ఆదుకునేది ఒకటి. తప్పు ఎవరిదైనా మన ఆసుపత్రి ఖర్చు కొంత భరించేది ఇంకొకటి, దాన్ని పిప్ అంటారు. టెక్సస్‌లో వీటిని కంపెనీ పాలసీతో పాటే ఇవ్వాలి, వద్దంటే మనం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ "వద్దు" కాగితం మీద చదవకుండా సంతకం పెట్టే మనవాళ్లు చాలామంది. మేం రెండూ ఉంచుకున్నాం, లయబిలిటీ 100/300/100 చేశాం. పాత కారుకి మాత్రం కొలిజన్ తీసేశాం, దాని ధరకి అది దండగ. మంచి గ్రేడ్లకి డిస్కౌంట్ కూడా ఉందని చెప్తే గుంటూరులో మా నాన్నగారు మురిసిపోయారు, మార్కులకి ఎట్టకేలకు రేటు కట్టారని.

ఎడిసన్‌లో ఉన్న మా చెల్లెలితో ప్రీమియం పోల్చుకోవడం మానేశాను. న్యూజెర్సీలో పిప్ తప్పనిసరి, స్టాండర్డ్ పాలసీకి లయబిలిటీ కనీస హద్దు 2026 జనవరి నుంచి 35/70/25, అక్కడ ఒంటరిగా నడిపే లైసెన్సు 17కి గాని రాదు. కాలిఫోర్నియాలో అయితే 2019 నుంచి అబ్బాయా అమ్మాయా అని చూసి రేటు వేయకూడదు. ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే.

ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో మా అమ్మాయికి చెప్పినవి తక్కువే. ఆగు, దెబ్బలు తగిలితే 911కి ఫోన్ చెయ్యి, ఫొటోలు తియ్యి, వాళ్ల వివరాలు తీసుకుని నీవి ఇవ్వు. డబ్బు మాట అక్కడ మాట్లాడకు.

"గుద్దింది మన తెలుగు అంకుల్ కారునైతే?" అంది. మంచి ప్రశ్నే. "మనవాళ్లం కదమ్మా, ఇన్సూరెన్స్ దాకా ఎందుకు" అని ఆయన కచ్చితంగా అంటారు. నెల తర్వాత మెడ నొప్పి అని ఎమ్మారై బిల్లు వస్తే అప్పుడు కంపెనీకి చెప్పుకోవడం కష్టమవుతుంది, స్నేహమూ పోతుంది. "నమస్తే అంకుల్ అను, క్షేమమేనా అని అడుగు, పాలసీ కార్డు ఫొటో తీసుకో" అన్నాను.