పచ్చీ మాగినదీ కలిపి నొక్కిన టీ బిళ్ల

2019లో సంక్రాంతి వెళ్లిన వారానికి మా నూజివీడు ఇంటి పెరట్లో మూడు టీ బిళ్లలు నొక్కాను. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టి, నాన్న పాత పంచె చింపి మూటకట్టి, పైన అమ్మమ్మ సన్నికల్లు ఎత్తాను. వాటిలో ఒకటి నిన్నటితో అయిపోయింది. ఆఖరి ముక్క వేడినీళ్లలో విచ్చుకుంటుంటే, ఇప్పుడైనా దీని సంగతి రాసిపెట్టుకోవాలనిపించింది.

ఇలా బిళ్లలుగా నొక్కి నిలవుంచే ఈ టీ పేరు పుఅర్, చైనాలోని యున్నాన్ రాష్ట్రానిది. నేను అక్కడే, దాలీ విశ్వవిద్యాలయంలో ఎంబీబీఎస్ చదివాను. 2012లో కోల్‌కతాలో విమానం ఎక్కి కున్‌మింగ్‌లో దిగి, రాత్రి రైల్లో మా విశ్వవిద్యాలయం ఉన్న షియాగువాన్ చేరాను. స్టేషన్ బయట అడుగు పెట్టగానే గాలి చున్నీ లాక్కుపోయింది. ఆ ఊరి గాలికి దేశమంతా పేరు. 1941 నుంచీ అక్కడ టీ ఫ్యాక్టరీ ఉంది. నొక్కిన టీ బాగా ఆరడానికి ఆ గాలే కారణమని ఊళ్లోవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు.

మామిడితోట ఉన్న ఇంట్లో పుట్టానేమో, పుఅర్ టీలో రెండు రకాలైన షెంగ్‌కీ షౌకీ తేడా నాకు మొదటి రోజే తలకెక్కింది. షెంగ్ అంటే పచ్చిది. కోసిన ఆకుని పెద్ద బాణలిలో వేడిచేసి, నలిపి, ఎండలో ఆరబెట్టి, ఆవిరి పట్టి నొక్కుతారు. తర్వాత అది దానంతట అదే పండాలి. పదేళ్లు పట్టొచ్చు, ఇరవై ఏళ్లు పట్టొచ్చు. షౌ అంటే మనం కాయని వరిగడ్డిలో వేసినట్టు మాగేసింది. అదే ఎండిన ఆకుని నడుమెత్తు కుప్పగా పోసి, నీళ్లు చల్లి, పైన గుడ్డలు కప్పి, నెలన్నర నుంచి రెండు నెలల దాకా తిరగేస్తూ ఉంచుతారు. కుప్ప లోపల యాభై, అరవై డిగ్రీల వేడి పుడుతుంది. బూజులూ ఈస్టులూ ఆకులోని చేదునీ వగరునీ విరిచేస్తాయి. ఇది తాతలనాటి పద్ధతేం కాదు. హాంకాంగ్‌లో పాత టీకి గిరాకీ ఎక్కువ, అన్నేళ్లు ఆగి అమ్మడం ఎవరికి సాధ్యం? గ్వాంగ్‌డాంగ్‌లో ఆకుని తడిపి మాగేసే తీరు చూసొచ్చి, 1973లో కున్‌మింగ్ ఫ్యాక్టరీవాళ్లు ఈ కుప్ప పద్ధతిని కుదిర్చారు.

రుచి సంగతి మనవాళ్లకి చెప్పడం తేలిక. షెంగ్ తాగితే ఉసిరికాయ కొరికినట్టే ఉంటుంది. ముందు చేదు, వెంటనే వగరు, మింగిన కాసేపటికి గొంతులోంచి తీపి పైకొస్తుంది. ఆ తిరిగొచ్చే తీపిని చైనావాళ్లు హుయ్‌గాన్ అంటారు. షౌలో ఆ ఆట లేదు. డికాషన్ అంత నల్లగా, చిక్కగా, తడిసిన మట్టీ పాత బెల్లమూ కలిసిన వాసనతో మెత్తగా దిగిపోతుంది. కొత్త షౌలో ఇంకా కుప్ప వాసన ఉంటుంది. పశువుల పాకలో తడిగడ్డి వాసన లాంటిది. అది పోవడానికి రెండు మూడేళ్లు కావాలి.

ఈ రెండూ ఒకే బిళ్లలో ఉంటాయని నాకు తెలిసింది మోసపోయాకే. మూడో సంవత్సరంలో ఉండగా దాలీ పాత ఊళ్లో ఒక దుకాణంలో ఇరవై ఏళ్ల నాటి షెంగ్ అని చెబితే, నెల మెస్సు డబ్బుల్లో సగం పెట్టి ఒక బిళ్ల కొన్నాను. 357 గ్రాములది. అలాంటివి ఏడు పేర్చి, వెదురు మట్టతో చుట్టి కడతారు. రంగు ఎర్రగా, నల్లగా ఉంది. చేదు తక్కువ. నాకు పండగలా అనిపించింది. మా క్యాంపస్ దగ్గర టీ అమ్మే పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ నన్ను ఇందు గూనియాంగ్ అనేది, అంటే ఇండియా పిల్లా అని. నేను ఆవిడని ఆయీ అనేదాన్ని, వాళ్ల భాషలో పిన్ని.

ఆయీ ఒక గుక్క తాగి ఏమీ అనలేదు. కాచిన ఆకుని తెల్ల పళ్లెంలో బోర్లించి, వేళ్లతో ఒక్కో ఆకూ విడదీసింది. "ఇది లాగి చూడు" అంది. గోధుమరంగు ఆకు, తడి తోలులా సాగింది. "ఇప్పుడు ఇది." నల్లటి ఆకు. రెండు వేళ్ల మధ్య నలిపితే నుసి అయిపోయింది. నిజంగా ఇరవై ఏళ్లు నిలవున్న షెంగ్ అయితే ఆకులన్నీ దాదాపు ఒకే రంగులోకి తిరుగుతాయట. ఇక్కడ రెండు రకాలు పక్కపక్కనే ఉన్నాయి. లేత షెంగ్‌లో షౌ కలిపి రంగు తెప్పించి, వయసు పెంచి అమ్మారు.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయీ మళ్లీ నీళ్లు పోసి, "వాళ్లు చెప్పింది అబద్ధం. టీ మాత్రం బాగానే ఉంది, తాగు" అంది. ఆ మాటే నన్ను ఇక్కడిదాకా తీసుకొచ్చింది. కలపడాన్ని వాళ్లు పిన్‌పేయ్ అంటారు, అదో పనితనం. యున్నాన్‌లోనే ఉన్న మెంగ్‌హై ఫ్యాక్టరీవాళ్ల పేరుమోసిన షెంగ్ బిళ్ల, 7542ని చూడండి. 75 అంటే ఆ పాళ్లు కుదిరిన 1975వ సంవత్సరం, 4 ఆకు తరగతి, చివరి 2 ఫ్యాక్టరీ గుర్తు. షియాగువాన్ వాళ్ల గుర్తు 3, అందుకే వాళ్ల బిళ్ల 8653. ఆ అంకెల వెనకున్నది ఒక చెట్టో ఒక కొండో కాదు, ఫలానా పాళ్లలో కలిపిన ఆకు. ఈమధ్య అందరూ ఒకే కొండ ఆకు, ఒకే ఊరి ఆకు అని ఎగబడుతున్నారు గానీ, కలపడం తెలిసినవాళ్ల చేతిని నేను ఎక్కువ గౌరవిస్తాను.

2018లో చదువు ముగించి వస్తూ కిలో షెంగ్ ఆకూ అరకిలో షౌ ఆకూ విడిగా తెచ్చుకున్నాను. షౌ అప్పటికే మూడేళ్లది, కుప్ప వాసన పోయింది. ఆత్రం ఆగక శ్రావణ మాసంలోనే మొదటి బిళ్ల నొక్కాను. అది పైకి ఎండినట్టే కనిపించింది. పది రోజులకి విరిస్తే నడిమధ్య తెల్లటి నూగు, పులిసిన వాసన. డాక్టర్ని, బూజు పట్టినదాన్ని కడిగి తాగేంత మొండితనం నాకు లేదు. గొయ్యి తీసి పూడ్చేశాను. పైగా అందులో షెంగ్ ఒక పొరా షౌ ఒక పొరా వేశాను, అదీ తప్పే. అలా చేస్తే విరిచిన చోట ఏ పొర ఊడొస్తే ఆ టీనే వస్తుంది.

అందుకే రెండోసారి చలిగాలి తగిలే రోజుల దాకా ఆగాను. ఒకటి పూర్తిగా షెంగ్, ఒకటి సగం సగం, ఒకటి షెంగ్ 140 గ్రాములకి షౌ 60. కలిపేటప్పుడు ఇంకో చిక్కు తెలిసింది. షౌ సన్న ఆకు, షెంగ్ పెద్ద ఆకు. కారప్పూస పొట్లంలో పల్లీలు అడుక్కి జారినట్టు సన్నది కిందికి జారిపోతుంది. పెద్ద షెంగ్ ఆకుల్ని చేత్తో తుంచి, రెండూ ఒక సైజుకి తెచ్చి, చేటలో కలిపి, అప్పుడు ఆవిరి పట్టాను. రెండు నిమిషాలు చాలు. ఆకు మెత్తబడగానే గుడ్డలో వేసి, మెలితిప్పి ముడివేసి నొక్కడమే. ఆ ముడి ఉన్నచోట బిళ్ల వెనక చిన్న గుంట పడుతుంది. అసలు బిళ్లల్లోనూ ఆ గుంట ముడిదే. నాది కాస్త వంకరగా పడింది గానీ, దాన్ని చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

సగం సగం బిళ్ల నాకు నచ్చలేదు. షౌ కింద షెంగ్ మాట వినపడలేదు. బంధువులకి మాత్రం అదే నచ్చింది, రెండేళ్లలో అవగొట్టారు. ఏడుకి మూడు బిళ్ల వేరే సంగతి. ఏడు గ్రాములు మూతగిన్నెలో వేసి, మరిగే నీళ్లు ఒకసారి పోసి పారబోసి, ఆ తర్వాత పది సెకన్లకోసారి వంచేదాన్ని. మొదటి మూడు వంపులూ షౌవే, చిక్కగా నల్లగా. నాలుగో వంపులో రంగు విరిగి ఎరుపు తేలుతుంది, వగరు మొదలవుతుంది. ఆరో వంపు తాగాక నోట్లో ఉసిరి తీపి.

నాన్న ఒకరోజు అడిగారు, "మాగిన కాయ పక్కన పెడితే పచ్చికాయ తొందరగా మాగుద్ది కదమ్మా, దీన్లోనూ అంతేనా?" అని. నేనూ అదే ఆశపడ్డాను. అందుకే షెంగ్ బిళ్లనీ దీన్నీ ఒకే గదిలో రెండు మట్టి జాడీల్లో పెట్టి, ప్రతి జనవరిలో పక్కపక్కన కాచి చూశాను. అలా జరగలేదు. కాయలోంచి గ్యాసు వస్తుంది, అది పక్క కాయని మాగిస్తుంది. ఆరిన టీలో ఆ పని జరగదు. ఆరో వంపు తర్వాత కలిపిన బిళ్లలోని షెంగూ, ఒంటరి షెంగూ ఒకే వయసుగా అనిపించాయి. షౌ దాన్ని ముసలిది చెయ్యలేదు. లేత షెంగ్ పరగడుపున కడుపులో మండించేది నాకు, షౌ తోడున్నాక ఆ మంట లేకుండా ఇన్నేళ్లూ తాగగలిగాను. కలిపి నొక్కితే దొరికేది అదీ అని నా నమ్మకం. వయసు కోసం కలిపితే దొరకదు. నాకు అమ్మినవాళ్లు చెప్పిన అబద్ధం సరిగ్గా అక్కడే ఉంది.

నిన్న కాచిన ఆకుని స్టీలు పళ్లెంలో పరిచి నాన్నకి చూపించాను. ఆయన గోధుమరంగు ఆకు ఒకటి తీసి సాగదీసి, "ఇంకా చేవ ఉంది" అన్నారు. నల్లది నలిపి వాసన చూసి, పళ్లెం తీసుకెళ్లి మల్లెపాదులో పోసొచ్చారు.

కున్‌మింగ్‌లో చదువుతున్న మా జూనియర్ ఒకమ్మాయి శీతాకాలం సెలవులకి ఇంటికొస్తోంది. అరకిలో షెంగ్ తెమ్మన్నాను. ఈసారి షౌ పావు వంతుకి తగ్గిస్తాను. సన్నికల్లు పెరట్లో నాచు పట్టి ఉంది, ఆదివారం తోమించాలి.