ఇంట్లో ఏమని పిలుస్తారు?

విశాఖలో ఒక ఆసుపత్రిలో ఈఈజీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఐసీయూలోకి మెషీన్ తోసుకుంటూ వెళ్తుంటే బయట కూర్చున్న అటెండెంట్లు ముందుగా అడిగేది, "షాక్ ఇస్తారా అమ్మా?" అని. ఇవ్వం. ఈఈజీ మెదడులోకి ఏమీ పంపదు, లోపలి నుంచి వచ్చే సన్నని కరెంటును గీతలుగా రాసుకుంటుంది, అంతే. ఆ తర్వాత అడిగేది, "తెలివి ఉందా, లేదా?" అని. దానికి జవాబు నేను చెప్పకూడదు, డాక్టరుగారే చెప్పాలి. కానీ ఆ జవాబు ఎలా తేలుతుందో, అందులో ఇంటివాళ్ల పాత్ర ఎంతో నాకు బాగా తెలుసు. ఈ పోస్టు అందుకే.

పని మొదలయ్యేది నూనె వదిలించడంతో. మన దగ్గర తలకు కొబ్బరినూనె లేని పేషెంటు అరుదు. ముక్కు మొదట్లో ఉండే గుంట దగ్గర్నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపు పెట్టి కొలిచి, ఆ కొలతలో 10 శాతం, 20 శాతం దూరాల్లో పెన్సిలుతో గుర్తులు పెడతాను. ఒక్కో గుర్తు దగ్గర పాయ విడదీసి, చర్మం రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్ అంటిస్తాను. అక్కడ దొరికేది కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే, అంటే వోల్టులో పది లక్షల వంతుల లెక్క. నూనె పొర ఉన్నా, మంచం కింద ఎయిర్‌బెడ్ మోటారు తిరుగుతున్నా గీత పాడైపోతుంది. అందుకే సిస్టర్‌ని అడిగి మోటారు కాసేపు ఆపిస్తాను.

మనిషి మెదడు తరంగాలను మొదట రికార్డు చేసింది హాన్స్ బెర్గర్, 1924లో, జర్మనీలోని యేనాలో. 1929లో ప్రచురించాడు. కళ్లు మూసుకుని తీరిగ్గా ఉన్న మనిషికి తల వెనక వైపు సెకనుకు 8 నుంచి 13 అలలు వస్తాయి. కళ్లు తెరిస్తే అణిగిపోతాయి. గాఢనిద్రలోనూ చాలా కోమాల్లోనూ సెకనుకు నాలుగు కూడా రావు. ఇంతవరకే తెలిస్తే గీత చూడగానే చెప్పేయొచ్చు అనిపిస్తుంది. కుదరదు. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న కొందరికి కోమాలో ఉండగానే మెలకువలో ఉన్నంత వేగంగా అలలు వస్తాయి. కాకపోతే చప్పట్లు కొట్టినా, పేరు పెట్టి పిలిచినా, గోరు మీద నొక్కినా అవి మారవు.

అందుకే ఐసీయూ ఈఈజీలో నాకు ఎప్పుడూ ముఖ్యం అనిపించేది ఆ మార్పే. రియాక్టివిటీ అంటాం. పిలిచినప్పుడు అలల వేగమో ఎత్తో మారిందా? కండరం కదిలితే వచ్చే గీతను పక్కన పెట్టాక కూడా మార్పు మిగిలిందా? రిపోర్టులో అది ఒక్క లైను. కానీ ఆ లైను ఎవరు పిలిచారు, ఏమని పిలిచారు అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

ఒక పేషెంటు, హార్బరు వైపు మనిషి. కేస్ షీట్ మీద ఉన్న పేరుతో గట్టిగా పిలిచాను, చప్పట్లు కొట్టాను. స్క్రీన్ మీద అవే పెద్ద నెమ్మది అలలు. బయటికొచ్చి వాళ్ల అక్కని అడిగాను, ఇంట్లో ఏమని పిలుస్తారని. "పెద్దోడా అంటామమ్మా." లోపలికి తీసుకొచ్చి చెవి దగ్గర నిలబెట్టాను. "పెద్దోడా, లెగరా, నేనొచ్చాను" అంది. గీత సన్నబడింది. కొన్ని సెకన్లు చిన్న చిన్న వేగమైన అలలు, మళ్లీ పాత తీరు. కాసేపు ఆగి మళ్లీ పిలిపించాను. మళ్లీ అదే మార్పు. ప్రతి పిలుపు దగ్గరా మార్క్ పెట్టాను. న్యూరాలజిస్టు చూసి రియాక్టివిటీ ఉందని రాశారు. తర్వాత ఆయనకు ఏమైందన్నది ఆ కుటుంబం విషయం, ఇక్కడ రాయను.

దీన్ని మహిమ అనుకోవద్దు. నిద్రపోతున్న మనిషి మెదడు కూడా వేరే పేర్లకన్నా తన పేరుకు ఎక్కువ స్పందిస్తుంది. గీత మారింది కదా అని ఆ మనిషికి తెలివి ఉందని కూడా అనలేం. వినడం వేరు, అర్థం చేసుకోవడం వేరు.

అర్థం చేసుకుంటున్నారా అని నేరుగా అడిగిన పరీక్షలూ ఉన్నాయి. 2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం రోడ్డు ప్రమాదం తర్వాత ఏ స్పందనా లేకుండా ఉన్న 23 ఏళ్ల యువతిని, మెదడులో ఏ చోటు పనిచేస్తోందో చూపే స్కానర్‌లో పెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. తర్వాత ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకోమంది. రెండు సార్లూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో వెలిగే చోట్లే ఆమెలోనూ వెలిగాయి. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, చెప్పిన మాటకు పైకి ఏ స్పందనా లేని 241 మందిలో 60 మంది ఇలాంటి పనిని లోలోపల చేశారని స్కానో ఈఈజీనో పట్టుకుంది. అంటే నలుగురిలో ఒకరు! ఇదే అధ్యయనంలో ఇంకో లెక్క నాకు ఇంకా ముఖ్యం. పైకే మాట వింటున్నట్టు తెలుస్తున్న 112 మందిలో ఈ పరీక్ష పట్టుకున్నది 43 మందినే. కాబట్టి పరీక్షలో ఏమీ రాలేదంటే లోపల ఎవరూ లేరని కాదు.

మన ఐసీయూల్లో రోజువారీగా ఉండేది మామూలు ఈఈజీ. దాన్నే శ్రద్ధగా చేద్దాం అంటాను. లేనిపోని ఆశలు పెట్టొద్దని కొందరు అంటారు. ఆశ పెట్టమని నేను అనడం లేదు. సరిగ్గా పిలవకుండా "స్పందన లేదు" అని రాయొద్దు అంటున్నాను.

మీవాళ్లెవరికైనా ఈ టెస్టు రాస్తే, తలకు నూనె పెట్టకండి. వినికిడి మిషను ఉంటే తెచ్చి సిస్టర్‌కి ఇవ్వండి. ఇంట్లో మాట్లాడే భాష ఏదో చెప్పండి. పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్లది కువి కావొచ్చు, నేవీ క్వార్టర్స్ వాళ్లది హిందీ కావొచ్చు. నన్ను మాట్లాడమంటే తెలుగే వస్తుంది, అప్పుడు మీరు రావాలి. మత్తు మందు ఎప్పుడు ఇచ్చారో, ఎప్పుడు ఆపారో నేనే షీట్‌లో చూసుకుంటాను. అది తెలియకుండా ఏ గీతనూ చదవలేం.

మా రిక్వెస్ట్ ఫారం మీద వయసు పక్కన ఇప్పుడు నేనే పెన్నుతో ఒక గడి గీసి "ఇంట్లో పిలిచే పేరు" అని రాసుకుంటున్నాను. అది ప్రింటులోనే ఉండాలని అడిగాను. ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాను.