మా పెరటి తోట చూపించాం, నిమ్మచెట్టు దగ్గర నోరు మూయించారు

సంక్రాంతి తర్వాత వచ్చిన ఆదివారం మా పెరటి తోట చూస్తామని ఊళ్ళోని మొక్కల గ్రూపువాళ్ళు వచ్చి వెళ్ళారు. నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాస్తున్నాను, ఎందుకంటే మీలో ఎవరైనా ఇలా నలుగురినీ పిలిచి తోట చూపించాలనుకుంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఏర్పాట్లు పెద్ద కష్టం కాలేదు. దారికి అడ్డమొచ్చిన తీగలు ఎత్తికట్టాం, కుండీలు ఒక పక్కకి జరిపాం, మజ్జిగ చేసిపెట్టాను. కోతుల కోసం కట్టిన వల మాత్రం ఒకవైపు విప్పాల్సి వచ్చింది. తిరుపతిలో కొండవైపు కాలనీల్లో ఉండేవాళ్ళకి ఆ బాధ చెప్పక్కర్లేదు, వల లేకపోతే జామకాయ మనకి దక్కదు.

మొదటి సగం బాగా నడిచింది. అనపచిక్కుడు పందిరి కింద అందరూ ఆగిపోయారు, పండగకి పితికిపప్పు ఈ కాయలతోనే చేశామంటే ఒకావిడ కాయ కోసి వాసన చూసింది. బీరతీగకి పూలన్నీ ముడుచుకుపోయాయేంటని ఒకబ్బాయి అడిగాడు. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, పొద్దున వచ్చేవాళ్ళకి వాడినవే కనిపిస్తాయి. వెనక చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు, గుత్తిగా వచ్చేవి మగవి. తేనెటీగలు రాని చోట సాయంత్రం మగపువ్వు కోసి, రేకులు తీసి, పుప్పొడి ఆడపువ్వు మధ్యలో అద్దితే పిందె రాలిపోకుండా నిలబడుతుంది. ఇదంతా చూపిస్తూ చెప్పాను, శ్రద్ధగా విన్నారు. "మదనపల్లె టమాటా ఇంత దగ్గర్లో దొరుకుతుంటే కుండీల్లో ఎందుకక్కా?" అని ఇంకొకతను అడిగితే, మందు కొట్టని కాయ పిల్లలకి పెట్టడానికని చెప్పాను.

తర్వాత నిమ్మచెట్టు దగ్గరికి వచ్చాం.

మా బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు. కుండీల అంచున తెల్లగా పేరుకుంటుంది. అలాంటి నీళ్ళు ఏళ్ళతరబడి పోస్తే మట్టిలో క్షారం పెరుగుతుంది, ఇనుము, జింకు మట్టిలో ఉన్నా వేర్లకి అందవు. అప్పుడు కొత్త ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. మా నిమ్మకి అదే వచ్చింది. దీపావళికి ముందు లీటరు నీళ్ళకి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, 2 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, ఆకు మాడకుండా కాస్త సున్నపు తేట వేసి, చల్లపొద్దున పిచికారీ చేశాను. ఆ తర్వాత వేసిన చిగురంతా ముదురు ఆకుపచ్చగా వచ్చింది. కింద కొమ్మల్లో పసుపు తిరిగిన పాత ఆకులు కొన్ని మిగిలాయి, అంతే.

గుంపులో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఏదో శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారట. ఆయన కింది కొమ్మ వంచి అందరికీ చూపించి, "ఇది గ్రీనింగ్ వైరస్. ఈ చెట్టు బతకదు, పీకి కాల్చేయండి. ఈ ఇంటి నుంచి ఎవరూ మొక్కలు తీసుకెళ్ళకండి, మీ తోటలకీ పాకుతుంది" అన్నారు. గట్టిగా అన్నారు. గ్రీనింగ్ అంటే నిమ్మజాతి చెట్లని చంపే రోగం. పైకి చూడలేదు, చిగురు చూడలేదు.

"కాదు సార్, ఒక్కసారి ఈ పై కొమ్మ చూడండి" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "అమ్మా, నేను ముప్పై ఏళ్ళు సర్వీసు చేశాను, మీరు మజ్జిగ సంగతి చూడండి" అన్నారు.

నా పెరట్లో, నేను నాటిన చెట్టు కింద, నాతో ఆ మాట. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. పంచడానికి కరివేపాకు మొక్కలు కవర్లలో పెంచి ఉంచాను, అప్పటికే కొందరు చేతిలో పట్టుకున్నారు. నిమ్మ, కరివేపాకు ఒకే కుటుంబం, రోగం దీనికీ ఉంటుందని ఆయన అనగానే ఒక్కొక్కరూ వాటిని మళ్ళీ గోడ పక్కన పెట్టేశారు. నా మొహం చూడకుండా పెట్టేశారు. నిజం చెప్తున్నా, పీకేయమన్న మాట కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను, అక్కడ ఎవరూ విననిది. గ్రీనింగ్‌కి కారణం వైరస్ కాదు, బాక్టీరియా. సిల్లా అనే చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది, ఆ పురుగు కరివేపాకు మీద కూడా ఉంటుంది, నిమ్మ, కరివేపాకు ఒకే కుటుంబమన్న మాట వరకు ఆయన చెప్పింది నిజమే. కానీ గ్రీనింగ్ వచ్చిన ఆకు మీద మచ్చలు నడిమి ఈనెకి రెండువైపులా ఒకేలా ఉండవు, ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా అడ్డదిడ్డంగా ఉంటాయి. పోషకాల లోపమైతే రెండు సగాలూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆకు కోసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చిన్నపిల్లలైనా చెప్పగలరు. తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, అక్కడ చదివిన మా పిన్ని కొడుకు సాయంత్రం వచ్చి ఆకులు తిప్పి తిప్పి చూశాడు, సిల్లా కోసం చిగుళ్ళన్నీ వెతికాడు. "ఇనుము లోపమేనక్కా, చెట్టు శుభ్రంగా ఉంది" అన్నాడు. పోయిన వేసవిలో మా వీధి మొత్తం నిమ్మకాయ ఊరగాయ పెట్టుకున్నది ఈ చెట్టు కాయలతోనే. దాన్ని పీకమన్నారు!

తోట చూపించేవాళ్ళు పదిమందికి మించి పిలవకండి, ఎవరు వస్తున్నారో ముందే కనుక్కోండి, రోజూ నీళ్ళు పోసే మనిషే మాట్లాడాలని గేటు దగ్గరే చెప్పండి. పిల్లలు పూలు తెంపుతారని భయపడకండి, వాళ్ళతో ఏ ఇబ్బందీ రాలేదు. ఇంకోసారి పెడితే సాయంత్రమే పెడతాను.

ఆ రాత్రే మా చెట్టు ఫోటో గ్రూపులో పెట్టి "గ్రీనింగ్, జాగ్రత్త" అని రాశారు. దాని కింద దిద్దుబాటు రాయమని అడ్మిన్లకి రెండు ఆకుల ఫోటోలు, పై చిగురు ఫోటో పంపించాను. ఇంకా రాయలేదు. రాసేదాకా అడుగుతూనే ఉంటాను.