ఎస్. కోట నుంచి అరకు: లగేజీతో ఘాట్ ఎక్కి, లోయలో టెంటు వేసే రోజు

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. సైకిలుకు టెంటు, దుప్పట్లు, వంటసామాను కట్టుకుని ఒక్కరోజులో కొట్టేద్దాం అని బయల్దేరితే మిట్టమధ్యాహ్నం ఎండలో ఘాట్ మధ్యన దొరికిపోతారు. ముందురోజే ఎస్. కోట (శృంగవరపుకోట) చేరి రాత్రి అక్కడ ఉండిపోండి. అక్కణ్ణుంచి మిగిలేది అరవై పైచిలుకే. కానీ ఎక్కుడంతా అందులోనే ఉంది. టైడా, డముకు, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా వదలదు. సుమారు 1,300 మీటర్ల ఎత్తుకు చేర్చి, ఆ తర్వాత 900 మీటర్ల చిల్లర ఎత్తులో ఉన్న అరకు లోయలోకి దింపుతుంది.

బయల్దేరే ముందు చూసుకోవాల్సింది బరువు కాదు, గేరు. పెడల్ దగ్గరి పళ్లచక్రానికి 28 పళ్లు, వెనక చక్రం దగ్గరి పెద్ద పళ్లచక్రానికి 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిలు 1.8 మీటర్ల లోపే కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఆరు, ఆరున్నర కిలోమీటర్లు. ఈ ఘాట్‌లో లగేజీతో అది మంచి వేగమే. అదే రోడ్ బైక్ మీద ముందు 34, వెనక 28 పళ్ల కలయికతో వస్తే ఒక చుట్టుకు రెండున్నర మీటర్లు. అదే వాలులో కాలు వెయ్యాల్సిన బలం దాదాపు ఒకటిన్నర రెట్లు. సత్తా ఉన్నవాళ్లు కూడా అనంతగిరి చేరేలోపు మోకాళ్లు పట్టుకునేది ఇక్కడే. పది వేలు పెట్టి తేలికపాటి టెంటు కొనే ముందు వెనక పెద్ద కాసెట్ (వెనక పళ్లచక్రాల కట్ట) వేయించుకోండి. గేరు మార్చే పాత డీరైలర్ 34 పళ్లకు సరిపోతుందో లేదో మెకానిక్‌ని అడిగి మరీ.

తెల్లవారుజామున అయిదున్నరకల్లా పెడల్ మీద కాలు ఉండాలి. తొమ్మిది దాటితే చెట్లు లేని మలుపుల్లో ఎండ కొట్టడం మొదలవుతుంది, పర్యాటకుల కార్లూ పెరుగుతాయి. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాలు ఈ రోడ్డు జోలికి వెళ్లకపోవడమే మంచిది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, నాలుగు అరటిపళ్లు, పల్లీ చిక్కీ. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే, అరగంటకోసారి ఏదో ఒకటి నోట్లో పడాలి. దారిలో ఎక్కడైనా చోడి (రాగి) అంబలి కనిపిస్తే ఆగండి, ఉప్పూ నీళ్లూ పిండీ అన్నీ ఒక్క గ్లాసులో దొరుకుతాయి.

క్యారియర్ సీటు రాడ్డుకు బిగించేది అయితే పది కిలోలు దాటించొద్దు. గతుకు తగలగానే పక్కకు తిరిగి బ్యాగు చువ్వల్లోకి పోతుంది. ఫ్రేముకు బోల్టులతో బిగించేదే నమ్మకం. అయినా ఆ అయిదు మిల్లీమీటర్ల బోల్టులు అదురుకు వదులవుతాయి. మర మీద నీలం రంగు లాకింగ్ జిగురు చుక్క వేసి బిగించండి, రెండు స్పేర్ బోల్టులు, నాలుగు జిప్ టైలు వెంట ఉంచుకోండి. విరిగే స్పోక్ ఎప్పుడూ వెనక చక్రానికి చైన్ వైపుదే అన్నట్టుంటుంది. అది మార్చాలంటే కాసెట్ ఊడదియ్యాలి, ఆ పనిముట్టు ఊళ్లో పంక్చర్ షాపులో ఉండదు. మీ చక్రానికి సరిపోయే కొలతవి రెండు స్పోకులు, ఆ పనిముట్టు మోసుకెళ్లాల్సిందే. 38 మిల్లీమీటర్ల టైరుకు వెనక 55, ముందు 45 పీఎస్ఐ గాలి చాలు.

గాలికొండ దాటాక అందరూ హమ్మయ్య అనుకుంటారు. అసలు జాగ్రత్త అక్కడే. మనిషి, సైకిలు, సామాను కలిపి వంద కిలోలు 400 మీటర్లు కిందికి దిగితే వచ్చే శక్తితో లీటరు నీళ్లు మరిగించొచ్చు. అందులో గాలి పంచుకున్నది పోగా మిగిలిందంతా బ్రేకుల్లో వేడి అవుతుంది. అదేపనిగా కొంచెం కొంచెం నొక్కి ఉంచితే ప్యాడ్లు కాలి, నున్నబడి, పట్టు పోతుంది. మలుపు ముందు రెండు బ్రేకులూ గట్టిగా నొక్కండి, వేగం తగ్గాక పూర్తిగా వదిలెయ్యండి, చల్లారనివ్వండి. కేబుల్ బ్రేకులైతే దిగువకు బయల్దేరే ముందే బిగువు చూసుకోండి. ఎక్కేటప్పుడు వాటి సంగతి ఎవరికీ తెలీదు.

సాయంత్రం నాలుగుకల్లా చోటు ఖాయం కావాలి, ఎందుకంటే చలికాలంలో అయిదున్నరకే చీకటి. అడవి భూమిలో అటవీశాఖ అనుమతి లేకుండా టెంటు వద్దు. డబ్బులు తీసుకుని చోటిచ్చే క్యాంపులు అరకు చుట్టుపక్కల ఉన్నాయి. లేదా ఊళ్లో పెద్దల్ని అడిగితే కళ్లం చూపిస్తారు, అక్కడ పంట ఉంటే మాత్రం మీరే వద్దనాలి. వలిసె పూల మడి పక్కన ఫొటో బాగుంటుంది కానీ పడకకు పల్లపు నేల పనికిరాదు. రాత్రి చల్లగాలి బరువెక్కి గెడ్డ (వాగు) వైపు జారి పల్లంలో నిలుస్తుంది. పదిపదిహేను మీటర్లు పైనున్న గట్టు మీద చలీ మంచూ రెండూ తక్కువ. డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి పడిపోతాయి, 5 డిగ్రీలకు సరిపోయే స్లీపింగ్ బ్యాగు కావాలి. దాని కన్నా ముందు కింద మంచి చాప, చలి ఎక్కువగా ఎక్కేది నేల నుంచే.

చలికి టెంటు తలుపులన్నీ మూస్తే ఊపిరి తేమ పైగుడ్డకు పట్టి తెల్లారేసరికి బ్యాగు మీద కారుతుంది. పైన గాలి కిటికీ, కింద తలుపు ఓ బెత్తెడు తెరిచే ఉంచండి. ఏజెన్సీలో మలేరియా ఉంది, లోపలి దోమతెర జిప్పు మాత్రం పూర్తిగా వెయ్యాలి. పొద్దు వాలాక పొడుగు చేతుల చొక్కా. పొయ్యికి వాడే బ్యుటేన్ గ్యాస్ డబ్బా చలికి మొరాయిస్తుంది, రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుంటే పొద్దున టీ పొయ్యి వెంటనే అంటుకుంటుంది. మంట టెంటు లోపల పెట్టొద్దు, కాఫీ తోటల్లో అసలే వద్దు.

పొద్దున తడి టెంటును బట్టలతో కలిపి కట్టకండి. సంచీ బయట తగిలించి, ఎండ వచ్చాక ఏ టిఫిను దగ్గరో ఆగినప్పుడు గట్టు మీద పరిస్తే అరగంటలో ఆరిపోతుంది. చైన్ గుడ్డతో తుడిచి రెండు చుక్కల నూనె వేసి, మంచుకు తడిసిన బ్రేకులు ఒకసారి నొక్కి చూసుకునే కదలండి.