ఎండకు ఆగే పాడి ఆవు: ఏ సూది వేయించాలో తేల్చుకున్న తీరు

మాది పల్నాడు. ఆరు ఆవుల పాక. ఏ జాతి సూది (ఆబోతు వీర్యంతో చేసే కృత్రిమ గర్భధారణ) వేయించాలో తేల్చుకోవడానికి నేను మొదట చేసింది డొక్కలు లెక్కపెట్టడం. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆవు పక్కన నిలబడి, అర నిమిషంలో డొక్క ఎన్నిసార్లు ఎగిసిందో చూసి రెండుతో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని శ్వాసలో తెలుస్తుంది. అదే పాకలో, అదే నీడలో నాటు ఆవుకు 36 వచ్చింది, సగం జెర్సీ రక్తమున్న ఆవుకు 54, ముప్పావు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్, ఇదీ జెర్సీలా విదేశీ పాడి జాతే) రక్తమున్న ఆవుకు 90 పైనే. ఆ చివరిది మెడ చాపి, నోరు తెరిచి, చొంగ కారుస్తోంది. 60 దాటితే ఎండ బాధ మొదలైనట్టే. అలాంటి ఆవు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది, ఎదకొచ్చినా చూడి నిలవదు. మే నెలలో తిరగపొర్లుతున్న, అంటే చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకొస్తున్న ఆవుకు మందుల కన్నా ముందు చూడాల్సింది ఈ లెక్కే.

కారణం ఒంట్లోనే ఉంది. మూపురం జాతులకు పొట్టి వెంట్రుకలు, వదులు చర్మం, బాగా పట్టే చెమట ఉంటాయి. ఒంట్లో పుట్టే వేడి కూడా తక్కువ. ఎక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ తింటుంది, ఆ అరుగుదలకే ఒళ్లు వేడెక్కుతుంది. పాలూ కావాలి, ఎండకూ ఆగాలి అంటే విదేశీ రక్తం ఎంత శాతం దగ్గర ఆపాలన్నదే అసలు ప్రశ్న.

లెక్క తేలిక. తల్లి శాతం, తండ్రి శాతం కలిపి సగం చేయాలి. నాటు ఆవుకు జెర్సీ వేస్తే 50. ఆ పెయ్యకు మళ్లీ జెర్సీ వేస్తే 75, ఆపైన 87.5. ఊళ్లలో ఎక్కువగా తప్పు జరిగేది ఈ రెండో మెట్టు దగ్గరే. మొదటి పెయ్య బాగా పాలిచ్చిందని అదే సూది మళ్లీ వేయిస్తారు. నిజానికి ఆ మొదటి తరం రాణించింది రెండు దూరపు జాతులు కలిసిన సంకర బలంతో. 50 ఆవుకు 50 ఆబోతు వేస్తే శాతం అదే ఉంటుంది కానీ ఆ బలం సగం జారిపోతుంది. అందుకే రెండో తరం కాస్త తగ్గినా కంగారు పడి 75కు ఎగబాకకూడదు.

నేను పెట్టుకున్న హద్దు 50. బోరు, ఫ్యాన్లు, ఏడాది పొడవునా పచ్చిగడ్డి ఉన్నవాళ్లు 62.5 దాకా వెళ్లొచ్చు. మీరట్‌లో తయారైన ఫ్రీస్వాల్, బ్రెజిల్ గిరోలాండో అనే సంకర జాతులు రెండూ ఆ శాతం హెచ్‌ఎఫ్ దగ్గరే ఆగాయి. ఇప్పటికే 75 ఉన్న ఆవుకు మన దేశీ జాతి సాహివాల్ వేస్తే పుట్టే దూడ 37.5కు దిగుతుంది, 50 శాతం సంకర ఆబోతు వేస్తే 62.5కు. మా ముప్పావు హెచ్‌ఎఫ్‌కు సాహివాల్ ఎంచుకున్నాను. మరో దేశీ జాతి గిర్ కూడా ఎండకు గట్టిదే కానీ కొన్ని గిర్ ఆవులకు పొదుగు వేలాడుతుంది, చన్నులు లావు. చేత్తో పితికే పాకకు అది ఇబ్బంది. ఏ జాతైనా ఆబోతు తల్లి ఈతకు ఎన్ని లీటర్లిచ్చిందో అడగాలి. జాతి పేరొక్కటే పాలివ్వదు.

నాటు ఆవుకు మొదటి సంకరానికి హెచ్‌ఎఫ్ కన్నా జెర్సీయే నయం. దూడ చిన్నది కాబట్టి ఈనేటప్పుడు ఇరుక్కునే భయం తక్కువ. ఒళ్లు కూడా చిన్నదే: 350 కిలోల ఆవు 450 కిలోల దానికన్నా రోజుకు దాదాపు మూడు కిలోల ఎండుమేత తక్కువ తింటుంది. వెన్న శాతం ఎక్కువ కాబట్టి పాల కేంద్రంలో ధర కూడా పలుకుతుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఇంట్లో ఉన్నది మేలైన ఒంగోలు ఆవైతే దానికి ఒంగోలే వేయించండి. ఎండకు అంత నిబ్బరమైన జాతిని సంకరం చేసి పోగొట్టుకోవద్దు.

సంతలో కొనే ఆవు రంగు చూసి శాతం చెప్పలేం. అమ్మేవాళ్లు సగం సంకరమని చెప్పిన నలుపు తెలుపు ఆవు మధ్యాహ్నం నిమిషానికి 90 సార్లు ఎగశ్వాస తీయడం నేను చూశాను. మూపురం ఆనవాలు, గంగడోలు వదులు కొంత చెబుతాయి, మిగతాది సూదుల రికార్డే చెప్పాలి.

సూది రోజున స్ట్రా (గడ్డకట్టిన వీర్యం ఉండే సన్నటి గొట్టం) మీద అచ్చు చదవాలి: జాతి, ఆబోతు నంబరు, తేదీ. చెవి పోగులోని 12 అంకెల నంబరు పక్కన అది రాసుకుంటే రేపు తండ్రినే కూతురికి వేసే పొరపాటు జరగదు. స్ట్రా కరగాల్సింది 37 డిగ్రీల నీళ్లలో, అర నిమిషం. అరచేతిలో నలిపో, జేబులో పెట్టో కరిగిస్తే డబ్బు దండగ. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి ఉదయం వేయించాలి. వేసవిలో ఎద మూగగా, తక్కువసేపు వస్తుంది. తెల్లవారుజామున అయిదుకు, రాత్రి పదికి టార్చి వేసి ఎద తీగలు (మానం నుంచి జారే జిగురు) చూడాలి. వీలైనంతవరకు సూదులు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వేయిస్తే ఈతలు ఆగస్టు నుంచి నవంబరు మధ్య పడతాయి, పాలు పొంగే రోజులు చల్లటి కాలంలో వస్తాయి.

ఎండకు ఆగే సంకర దూడ కూడా పిడుదుల జ్వరానికి ఆగదు. 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరంతో పాటు భుజం ముందు గడ్డ చేతికి తగిలితే థైలీరియా అని అనుమానించి అదే రోజు డాక్టరును పిలవాలి. థైలీరియా టీకా మా దూడలకు చిన్నప్పుడే వేయిస్తున్నాం.